మ్యూజియంలో మాటల పూట

కొండాపూర్‌లో పదేళ్లుగా ఉంటున్న మనిషిని "మీదే ఊరండీ?" అని అడగండి. తణుకు అంటారు, జగిత్యాల అంటారు, ఒంగోలు అంటారు, భువనేశ్వర్ అనేవాళ్లూ ఉంటారు. కొండాపూర్ అనేవాళ్లు మాత్రం అరుదు. ఇల్లు ఇక్కడే కొన్నారు, పిల్లలు ఇక్కడే పుట్టారు, ఆధార్ కార్డు మీద చిరునామా కూడా ఇదే. అయినా ఇది మా ఊరని నోరారా అనలేరు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఉద్యోగాలు చేసేవాళ్లతో కాస్త మనసు విప్పి మాట్లాడితే ఎక్కువగా వినబడేది ఈ మాటే: "ఇన్నేళ్లయింది, ఇక్కడ మాకంటూ ఎవరూ లేరు."

ఈ వెలితి తీరడానికి జిమ్‌లో చేరేవాళ్లున్నారు, క్లబ్‌హౌస్‌లో బ్యాడ్మింటన్ ఆడేవాళ్లున్నారు, శనాదివారాలు కారేసుకుని అనంతగిరి కొండలకు వెళ్లేవాళ్లున్నారు. వాటిలో తప్పేమీ లేదు. కానీ అక్కడ మనకు కలిసేది మనలాంటి మనిషే. అదే వయసు, అదే ఉద్యోగం, అదే ఇంటి లోను. మాట చివరికి అప్రైజల్ దగ్గరికో, స్కూలు ఫీజుల దగ్గరికో చేరుతుంది. ఊరితో చుట్టరికం కలవాలంటే ఆ ఊరి సంగతులు తెలిసినవాళ్ల పక్కన కూర్చోవాలి, చేతులతో పనిచేసి బతికిన పెద్దల మాట వినాలి. అందుకు మాదాపూర్‌లోనే మంచి చోటుంది. దాన్ని సరిగ్గా వాడుకోవడం ఎలాగో చెప్పడానికే ఈ అధ్యాయం.

ఆ చోటు శిల్పారామంలోని పల్లె మ్యూజియం. శిల్పారామం 1992లో మొదలైంది. దగ్గర్లోని సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబర్ 22న. ఈ ఐటీ పేట కన్నా శిల్పారామమే ఆరేళ్లు పెద్దది. లోపల పల్లె మ్యూజియంలో మట్టి గోడలు, గడ్డి కప్పుల ఇళ్లు, కుమ్మరి సారె, మగ్గం, ఎడ్లబండి, పనిలో ఉన్న వృత్తిదారుల నిలువెత్తు బొమ్మలు కనిపిస్తాయి. చాలామంది దీన్ని పది నిమిషాల్లో చూసేస్తారు. కుమ్మరి బొమ్మ పక్కన పాపను నిలబెట్టి ఒక ఫొటో, బండి దగ్గర ఇంకో ఫొటో, తర్వాత చీరల కొట్ల వైపు నడక. వాళ్లను తప్పుపట్టలేం. వస్తువు తనంతట తాను మాట్లాడదు కదా. పక్కనున్న పలక పేరు చెప్పి ఊరుకుంటుంది. అక్కడ వస్తువులున్నాయి గానీ వాటిని వాడిన చేతులు లేవు. ఆ చేతులు మన ఫ్లాట్లలో ఉన్నాయి.

పదకొండో అంతస్తు బాల్కనీలో కూర్చున్న అమ్మమ్మను ఒకసారి తలచుకోండి. మనవడి స్కూలు బస్సు వేళల చుట్టూ ఆవిడ రోజు తిరుగుతుంది. పొద్దున్న టిఫిన్ డబ్బా, మధ్యాహ్నం సీరియల్, సాయంత్రం పార్కులో రెండు చుట్లు. నాట్లు ఎలా వేస్తారో, గాదె కింది ఎలుకలను ఎలా వదిలించుకుంటారో, మొదటి కాన్పుకు పుట్టింటికి బండిలో వెళ్తుంటే వాగు ఎలా అడ్డుపడిందో ఆవిడకు తెలుసు. ఏడాది పొడుగునా ఎవరూ అడగరు. కొడుకు దగ్గర ఉంటున్నందుకు ఆవిడకు సంతోషమే, తన అవసరం ఎవరికీ లేదన్న దిగులూ ఉంది. ఒంటరితనం అనగానే మనకు కుర్రాళ్లే గుర్తొస్తారు. ఈ ఐటీ కారిడార్‌లో అందరికన్నా ఒంటరివాళ్లు ఈ పెద్దవాళ్లేనని నా నమ్మకం. కుర్రాళ్ల ఒంటరితనం, వీళ్లది ఒకే పూటలో కొంత తగ్గించవచ్చు. అందుకే దీన్ని మాటల పూట అంటున్నాను.

మ్యూజియాన్ని పదిమంది కూడే చోటుగా మలచడం కొత్త ఆలోచనేమీ కాదు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఆర్తుర్ హాజేలియస్ 1891లో స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియం తెరిచాడు. పల్లెల నుంచి పాత ఇళ్లను ఊడదీసి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టాడు. ఫ్యాక్టరీలు వచ్చి పల్లె బతుకు చెదిరిపోతున్న రోజులవి. అక్కడ క్రిస్మస్ సంత 1903 నుంచి జరుగుతోంది. జనం చూడటానికి మాత్రమే కాదు, పండగ చేసుకోవడానికీ వెళ్తారు. మన పక్కనే చెన్నై దగ్గర దక్షిణచిత్ర 1996లో వచ్చింది. అందులో కోస్తా ఆంధ్ర చుట్టిల్లు, నల్గొండ వైపు ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు ఉన్నాయి. వీటికన్నా మన మనసుకు దగ్గరగా తగిలేది హైదరాబాద్‌లోనే జరిగింది. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూశాక ఆయన పేరు మీద నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలివాళ్లు నిజాం రాజ్యంలో ఊరూరా శాసనాలు వెతికి, తెలంగాణ శాసనాలను పుస్తకంగా వేశారు. ఆదిరాజు వీరభద్రరావు లాంటివాళ్లు దానికోసం ఎంతో శ్రమపడ్డారు. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడుకున్నారు అని రాసిన పుస్తకం అది. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దానికే దక్కింది. మామూలు మనిషి బతుకు చరిత్రేనని మనకు చెప్పడానికి బయటివాళ్లు రానక్కర్లేదు.

ఎవరిని పిలవాలి

పిలుపు మీ ఇంట్లోనే మొదలవ్వాలి. అమ్మ, నాన్న, అత్తగారు, మామగారు, ఎదురు ఫ్లాట్ మామ్మగారు. "మీ గురించి చెప్పండి" అంటే వాళ్లు రారు. "నాకేం తెలుసమ్మా, చదువుకున్నదాన్నా" అంటారు. "పిల్లలకు కవ్వంతో చిలకడం చూపించాలి, మీరైతే బాగా చెబుతారు" అనండి. చేతికి ఒక పని కనబడితే వాళ్లు లేస్తారు.

తర్వాత పాత ఊళ్లవాళ్లు. మాదాపూర్, కొత్తగూడ, ఖానామెట్, గుట్టల బేగంపేట, రాయదుర్గం, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ ఒకప్పుడు ఊళ్లే. అద్దాల మేడల వెనక ఆ ఊరి గల్లీలు కొన్ని ఇంకా ఉన్నాయి. ఆషాఢంలో బోనాలు లేచేది ఆ గల్లీల నుంచే. అక్కడికి కరపత్రం పట్టుకుని వెళ్లకండి. కిరాణా కొట్టు దగ్గర, గుడి దగ్గర, మసీదు దగ్గర ఆగి, పాత సంగతులు తెలిసిన పెద్దమనుషులు ఎవరని అడగండి. వాళ్లింటికి వెళ్లండి, ఇచ్చిన చాయ్ తాగండి, మొదటిసారి ఏమీ అడగకుండా మీ ఊరు, మీ వాళ్ల సంగతి మీరే చెప్పి రండి. రెండోసారి వెళ్లినప్పుడు పిలవండి. 'సార్', 'మేడమ్' వద్దు. పెద్దయ్యా, తాతా, కాకా, అమ్మా అంటే వాళ్లకు ఊపిరాడుతుంది. ఉర్దూలో మాట్లాడే పెద్దాయన వస్తే ఆయన్ని ఉర్దూలోనే చెప్పనివ్వండి, తెలిసినవాళ్లెవరో పక్కన కూర్చుని తెలుగులో అందిస్తారు.

మన అపార్ట్‌మెంట్లలో కాపలా కాసేవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు కూడా ఈ పూటకు చెందినవాళ్లే. శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లలో మొన్నటిదాకా మగ్గం నేసినవాళ్లు, చేపల వల అల్లినవాళ్లు, బుట్టలు అల్లినవాళ్లు ఉంటారు. మ్యూజియంలో బొమ్మగా నిలబడ్డ పనిని చేసి చూపగలిగేది వాళ్లే. అయితే ఇక్కడ జాగ్రత్త కావాలి. ఆ రోజు వాళ్లు అందరితోపాటు కుర్చీలో కూర్చోవాలి, వాళ్ల చేతిలో టీ ట్రే ఉండకూడదు. వారపు సెలవు రోజే పిలవండి, దారి ఖర్చులు మీరే పెట్టుకోండి, పనిచేసి చూపిస్తే దానికి తగిన కూలి ఇవ్వండి. రానంటే వదిలేయండి. యజమాని అడిగితే కాదనడం వాళ్లకు ఎంత కష్టమో మనకు తెలియంది కాదు.

పిల్లల్లో ఎనిమిదేళ్ల నుంచి పధ్నాలుగేళ్లవాళ్లు చక్కగా అడుగుతారు. మొత్తం పన్నెండు, పదిహేనుమంది చాలు. ముప్ఫై దాటితే అది సభ అవుతుంది.

సభ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి గట్టిగా చెప్పాలి. నలుగురు కలిస్తే వేదిక వేయడం మన తెలుగువాళ్ల మర్యాద. బ్యానర్, ముఖ్య అతిథి, జ్యోతి ప్రజ్వలన, శాలువా. ఆ మర్యాదలో గౌరవం ఉంది, కాదనను. కానీ శాలువా కప్పించుకున్న పెద్దాయన మైకు ముందు "అందరికీ నమస్కారం, నాకు చాలా సంతోషంగా ఉంది" అని కూర్చుంటాడు. అదే మనిషి పక్కన కుర్చీ వేసుకుని చేతిలో పలుపుతాడు పెడితే గంటసేపు ఆగకుండా చెబుతాడు. కాబట్టి వేదిక వద్దు, మైకు వద్దు, ప్రసంగం వద్దు. కుర్చీలు గుండ్రంగా వేయండి.

ఏర్పాట్లు

ముందు శిల్పారామం ఆఫీసుకు వెళ్లి ఎంతమంది వస్తారు, ఎంతసేపు ఉంటారు, ఏం చేస్తారు అని రాసిచ్చి అనుమతి తీసుకోండి. డిసెంబర్ రెండో సగంలో చేతివృత్తుల మేళా, ఆ వెంటనే సంక్రాంతి సందడి. హరిదాసులు, గంగిరెద్దులు వచ్చే ఆ రోజుల్లో తనివితీరా చూసి రండి గానీ మాటలకు అది వేళ కాదు. నవంబర్, ఫిబ్రవరి నెలలు బాగుంటాయి. ఎండాకాలం పెద్దవాళ్లతో పెట్టుకోవద్దు. మోకాళ్ల నొప్పులవాళ్లు ఉంటారు కాబట్టి చేతులున్న కుర్చీలు కావాలి. టాయిలెట్ ఎంత దూరమో ముందే నడిచి చూసుకోండి. పెద్దవాళ్లు బయటికి రాకపోవడానికి సగం కారణం అదే, పైకి చెప్పరంతే. తినడానికి ఉడకబెట్టిన పల్లీలు పెట్టండి, షుగర్ ఉన్నవాళ్లు కూడా చెయ్యి చాపుతారు. గంటన్నర మించనివ్వకండి.

మ్యూజియంలో పెట్టిన వస్తువులను ముట్టుకోకూడదు. అందుకని వచ్చేవాళ్లందరినీ ఇంటి నుంచి ఒక్కో వస్తువు తెమ్మనండి. కవ్వం, మానిక, ఇత్తడి చెంబు, తాటాకు బుట్ట, పాత రేషన్ కార్డు, పెళ్లి ఫొటో ఏదైనా సరే. విలువైన నగలు మాత్రం వద్దు. గుండ్రంగా కూర్చున్నాక ఒక్క వస్తువు మధ్యలో పెట్టి మిగతావి పక్కన ఉంచండి. ఒక పూటకు రెండు మూడు వస్తువులు దాటవు, దాటనక్కర్లేదు.

ఎవరింట్లోనో మూలపడి ఉన్న ఇసుర్రాయిని కారు డిక్కీలో వేసుకొచ్చారనుకుందాం. గుండ్రటి రాళ్లు రెండు. కింది రాయి నడుమ సీల, పై రాయి నడుమ గింజ పోసే కన్ను, అంచున కర్ర పిడి. గోదావరి మామ్మగారు దాన్ని చూసి "మా తిరగలి ఇంతకన్నా పెద్దదే" అంటారు. సంగారెడ్డి వైపు పెద్దమ్మ "ఇసొంటిది మా ఇంట్ల గూడ ఉండె బిడ్డా, మా అత్త కాలం నుంచి" అంటుంది. అప్పటిదాకా ముక్కు మొహం తెలియని ఆ ఇద్దరూ ఎవరూ చెప్పకుండానే ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి మీద చెయ్యేస్తారు. ఎడమచేత్తో గుప్పెడు గింజలు కన్నులో పోయడం, కుడిచేత్తో తిప్పడం. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి విసిరితే పప్పు ఎంత చక్కగా విడుతుందో ఒకావిడ చెబుతుంది. రాయి నున్నబడితే గింజ నలగదని, అప్పుడు కక్కు కొట్టేవాళ్లు ఊళ్లోకి వచ్చేదాకా ఎదురుచూసేవాళ్లమని రెండో ఆవిడ అందుకుంటుంది. ఒక పిల్ల వచ్చి తిప్పబోతే రాయి కదలదు. "భుజంతో కాదమ్మా, నడుంతో తిప్పాలి" అంటారు ఇద్దరూ ఒక్కసారే.

ఆ సమయంలో మీరు అడిగే ప్రశ్నను బట్టే తర్వాతి అరగంట ఉంటుంది. "ఆ రోజుల్లో జీవితం ఎలా ఉండేదండీ?" అని అడిగితే "బాగుండేది" అనే జవాబొస్తుంది, అంతటితో సరి. చేతికి తగిలే ప్రశ్న అడగండి. ఏ పొద్దున లేచి విసిరేవారు? పక్కన ఎవరు కూర్చునేవారు? చంటిపిల్లను ఎక్కడ పడుకోబెట్టేవారు? అరచేతులు బొబ్బలెక్కితే ఏం రాసేవారు? ఊళ్లోకి మర ఎప్పుడొచ్చింది, వచ్చిన రోజు మీకేమనిపించింది? ప్రశ్న వేశాక ఆగండి. పెద్దవాళ్లు జ్ఞాపకం తెచ్చుకోవడానికి సమయం తీసుకుంటారు. ఆ మౌనం చూసి మనకు కంగారు పుట్టి ఇంకో ప్రశ్న వేస్తాం. వేయకండి. వాళ్లు సంవత్సరం తప్పు చెప్పినా ఫోన్ తీసి దిద్దకండి, తర్వాత చూసుకోవచ్చు. ఒక్కసారి దిద్దితే ఆవిడ ఆ పూట ఇక నోరు విప్పదు.

ఊరి పటం, భూమి మాట

పాత ఊళ్లవాళ్లు వచ్చే పూటకు ఇంకో పద్ధతి ఉంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను 1966లో అక్కడి ప్రభుత్వం తెల్లవాళ్లకే అని ప్రకటించింది. తర్వాతి ఏళ్లలో సుమారు 60,000 మందిని వెళ్లగొట్టి ఇళ్లు కూలదోసింది. 1994లో ఆ పేట జ్ఞాపకంగా చిన్న మ్యూజియం పెట్టినప్పుడు నేలమీద పాత వీధుల పటం పరిచారు. ఒకప్పుడు అక్కడ ఉన్నవాళ్లు వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, మా ఇల్లు ఇక్కడ అని పటం మీద తమ చేత్తో పేరు రాశారు. మ్యూజియం అంటే ఏం చేయగలదో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అదే పని మాదాపూర్‌కు చేయండి. పెద్ద తెల్లగుడ్డ ఒకటి నేలమీద పరిచి, అందరికీ తెలిసిన గుర్తులు మాత్రం ముందుగా గీయండి. దుర్గం చెరువు, శిల్పారామం, సైబర్ టవర్స్ కూడలి, పాత ఊళ్ల పేర్లు. మిగతాది వాళ్లతోనే గీయించండి. ఏ బావి ఎక్కడ, ఏ చేను ఎవరిది, బండిబాట ఎటు పోయేది, పశువులు ఎక్కడ మేసేవి, సీతాఫలాలు ఏ గుట్ట మీద దొరికేవి. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు దుర్గం చెరువు నుంచే వెళ్లేదని పుస్తకాల్లో ఉంది. ఆ చెరువులో ఈత నేర్చుకున్న మనిషి దాని లోతు ఎక్కడెక్కడ ఎంతో చెబుతాడు. 2020లో తెరిచిన తీగల వంతెన మీద రోజూ కారులో వెళ్లే మీ అబ్బాయికి ఆ రెండు మాటలూ కలిపి అందితే ఆ నీటిని చూసే చూపు మారుతుంది.

కానీ పటం పరిచిన మరుక్షణం భూమి మాట వస్తుంది. మన నోట వచ్చే మొదటి ప్రశ్న "ఎకరం ఎంతకమ్మారు పెద్దయ్యా?" దయచేసి ఆ ప్రశ్న అడగకండి. ఈ మేడలు లేవకముందు భూమిని తక్కువ ధరకు వదులుకున్న కుటుంబాలున్నాయి, సేకరణలో పోగొట్టుకున్నవాళ్లున్నారు, అమ్మి బాగుపడ్డవాళ్లూ ఉన్నారు. ఆ లెక్క వాళ్లు చాలా రాత్రులు వేసుకుని ఉంటారు. మన నోట అది రియల్ ఎస్టేట్ ముచ్చట, వాళ్లకు ఇంటి గాయం. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి. "అప్పుడు అమ్మకుండా ఉంటే ఇప్పుడు కోట్లండీ" అని ఓదార్చబోకండి. ఆ చేలో ఏం పండేది, జొన్న కంకి ఎంత ఉండేది, కాపలా మంచె మీద ఎవరు పడుకునేవారు అని అడగండి. చేను ధర గురించి కాక చేను గురించి అడిగిన మొదటి మనిషి మీరే కావచ్చు. మనం ఉంటున్న ఫ్లాటు కింద ఒకరి పొలం ఉందని తెలుసుకోవడం వల్ల మన హక్కేమీ పోదు. ఇక్కడ మనం ఎవరి తర్వాత వచ్చామో తెలుస్తుంది. ఈ ఊరు నాది అనే మాటకు పునాది అక్కడే పడుతుందని నేననుకుంటున్నాను.

ఇంతకన్నా సున్నితమైనది కులం మాట. పల్లె మ్యూజియంలో కనబడే వృత్తులన్నీ కులాలే కదా. కుండ, మగ్గం, చెప్పు, డప్పు, మంగలి పొది ప్రతి దాని వెనకా ఒక వాడ ఉంది, దానికి జరిగిన మర్యాదా ఉంది, అవమానమూ ఉంది. "ఆ రోజులే వేరండీ, అందరం కలిసిమెలిసి ఉండేవాళ్లం" అని ఒకరు అంటున్నప్పుడు ఇంకొకరు తలొంచుకుని కూర్చుని ఉండవచ్చు. దీనికి నేను పాటించే పద్ధతి ఒకటే. ఏ వస్తువు గురించైనా దాన్ని చేతపట్టి పనిచేసినవాళ్లు ముందు మాట్లాడాలి. చేయించుకున్నవాళ్లు తర్వాత. డప్పు గురించి డప్పు కొట్టినవాళ్లు చెప్పాలి, బావి గురించి ఆ బావిలో నీళ్లు తోడుకోవడానికి వీల్లేకపోయిన ఆడమనిషి చెప్పాలి. చేదు మాట వచ్చినప్పుడు పిల్లలు విన్నారే అని మాట మార్చకండి. పిల్లలు విననివ్వండి. ఆ తర్వాత పల్లీలు పంచండి, అందరూ ఒకే గిన్నెలో చెయ్యి పెడతారు.

మాటలు రానివాళ్లకు నడక

కొందరు కూర్చుని మాట్లాడలేరు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు ముఖ్యంగా. వాళ్లకు పక్కపక్కనే నడవడం తేలిక. ఈ వైపు రాళ్లు సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. 1996 నుంచి పనిచేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు రాళ్ల మధ్య నడకలు ఏర్పాటు చేస్తుంటారు. అందులో చేరితే చాలు, మీరు ప్రత్యేకంగా ఏదీ పెట్టనక్కర్లేదు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో పుట్టగొడుగులా నిలబడ్డ రాయి ఉంది, అక్కడే ప్రొఫెసర్ కె.పి. రావు తవ్వకాల్లో బయటపడిన ఇనుపయుగం నాటి సమాధులున్నాయి. రోజూ బస్సులో ఆ గేటు ముందు నుంచే వెళ్తుంటాం.

నాలుగైదు పూటలు గడిచాక బృందమంతా ఒక చిన్న బస్సు మాట్లాడుకుని ఇంకో కొండాపూర్‌కు వెళ్లి రండి. సంగారెడ్డి అవతల ఉన్న ఊరు అది. 1940ల మొదట్లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో అక్కడ తవ్వితే శాతవాహనుల నాటి ఇళ్లు, నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు బయటపడ్డాయి. రోమ్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది. పురావస్తు శాఖ మ్యూజియం అక్కడే ఉంది. దూరదేశాలతో వ్యాపారం చేసే పని ఈ నేలకు ఐటీతో మొదలవలేదని పిల్లలకు అక్కడ చెప్పండి.

విన్నది ఏం చేయాలి

ఫోన్‌లో రికార్డు చేయండి, కానీ ముందు అడిగి. అడిగేటప్పుడు ఇది ఎవరు వింటారో కూడా చెప్పండి. వాట్సాప్ గ్రూపుల్లో పడేయకండి. ఒక పెద్దావిడ తన అత్తగారి గురించి చెప్పిన మాట ఆవిడ కోడలికి ముప్ఫై గ్రూపులు తిరిగి చేరితే మళ్లీ ఆవిడ గడప దాటదు. ప్రతి రికార్డుకూ మనిషి పేరు, పుట్టిన ఊరు, మాట్లాడిన తేదీ, ఏ వస్తువు గురించి అన్నవి రాసిపెట్టండి. అవి లేని రికార్డు పదేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు. ఒక కాపీ ఆ కుటుంబానికి తప్పకుండా ఇవ్వండి. ఇలా ఇచ్చిన పాత గొంతును ఆ మనిషి పోయాక ఇంట్లోవాళ్లు ఎంత భద్రంగా దాచుకుంటారో నేను చూశాను. పటం గీసిన గుడ్డను మడతపెట్టి దాచండి, తర్వాతి పూటకు మళ్లీ అదే పరవండి. దాని మీద గీతలు పెరుగుతాయి.

రెండో పూటకు జనం తగ్గుతారు. ఇది ప్రతిచోటా జరిగేదే. మొదటిసారి కొత్త అని వచ్చినవాళ్లలో సగంమంది రారు. నలుగురే వచ్చినా జరపండి. తేదీ మార్చకండి, నెలలో ఫలానా శనివారం అంటే ఆ శనివారమే. మూడో పూటకు పెద్దవాళ్లే ఒకరినొకరు ఫోన్ చేసి పిలుచుకుంటారు. పార్కులో ఒక్కరే తిరిగే మామ్మగారు ఇంకో మామ్మగారి ఫ్లాట్‌కు ఆవకాయ పట్టుకెళ్లడం మీరు చూసిన రోజున ఇక మీ అవసరం తగ్గిందని సంతోషించండి. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. ఎండ కాబట్టి ఆ రోజు అపార్ట్‌మెంట్ హాల్లోనే బల్ల వేసి, ఇంటింటి వస్తువులు పరిచి, వాటి యజమానుల్ని పక్కన కూర్చోబెట్టండి. రూపాయి ఖర్చు లేకుండా మ్యూజియం తయారవుతుంది.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయకండి. సైబర్ టవర్స్ తెరిచిన 1998లో మాదాపూర్‌లో నలభై ఏళ్ల రైతుకు ఇప్పుడు డెబ్బై దగ్గరపడింది. అప్పటికే అరవై ఏళ్లున్నవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఈ నేల మీద నాగలి నడిచిన సంగతి కళ్లారా చూసి చెప్పగలిగినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. అనుమతి కోసం రాసే ఉత్తరం అర పేజీ కూడా ఉండదు. ఈ వారమే రాయండి, ఈ రాత్రికే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, శనివారం మాతో వస్తారా అని.